రెండు నెలలుగా పిట్టల్ని చూస్తున్నా, మూడింటి దగ్గర ఆగిపోయా. కాస్త సాయం చేయండి

కొత్తగా_చూస్తున్నా:

అందరికీ నమస్కారం. నడక కోసమని పొద్దున్నే బయటికి వెళ్ళడం మొదలుపెట్టి, నేల చూపులు చూస్తూ నడిచే బదులు తలెత్తి చూద్దాం అనుకోవడంతో ఈ పిచ్చి పట్టుకుంది. కాకి, పావురం, గోరింక, పిచ్చుక, చిలుక, కొంగ, గద్ద, కోయిల ఇవన్నీ చిన్నప్పట్నుంచీ తెలుసు కదా, సగం పని అయిపోయినట్టే అనుకున్నా. తీరా చూస్తే కొంగ అంటే ఒక్కటే కాదు, గోరింక అంటే ఒక్కటే కాదు, నాకు తెలుసు అనుకున్న కోయిల కూడా మగదట, ఆడకోయిలని ఇన్నాళ్ళూ ఇంకేదో పిట్ట అనుకుంటున్నానట. తెలిసినవి కూడా తెలియనట్టే అయిపోయాయి.

ప్రస్తుతం మూడు పిట్టలు నన్ను నిద్రపోనివ్వట్లేదు.

మొదటిది, పూల పొదల్లో తిరుగుతుంది. పిచ్చుక కన్నా చిన్నది, ముక్కు సన్నగా కిందికి వంగి ఉంది. వీపు మట్టి రంగు, కింద పసుపు. ఇంతవరకూ బానే ఉంది, కానీ గొంతు దగ్గర మొదలై పొట్ట దాకా మధ్యలో ఒక నల్ల గీత, ఎవరో స్కెచ్ పెన్నుతో గీసినట్టు. తేనెపిట్ట అని నాకూ తెలుస్తోంది, కానీ పుస్తకంలో మగదేమో నల్లగా మెరుస్తోంది, ఆడదేమో మొత్తం పసుపు. గీత ఉన్నది ఎక్కడా లేదు.

రెండోది మరీ విచిత్రం. చెరువు గట్టున గోధుమ రంగు చారల పిట్ట ఒకటి మెడ లోపలికి లాక్కుని కూర్చుంది. దగ్గరికి వెళ్ళేసరికి అక్కణ్ణుంచి ఒక తెల్ల కొంగ ఎగిరింది. గోధుమ రంగుది కనపడలేదు. పది నిమిషాలు గడ్డిలో వెతికా. మర్నాడు మళ్ళీ అదే.

మూడోది డేగలా ఉంది. బూడిద రంగు వీపు, తోక మీద అడ్డ చారలు, పావురమంత ఉంటుంది. చెట్లలోంచి రివ్వున వచ్చి ఇంకో చెట్టులో దూరింది, చిన్న పిట్టలన్నీ గోల గోల చేశాయి. ఫోటో తీశా కానీ అందులో ఆకులే ఎక్కువ. పిట్టల పేర్లు చెప్పే యాప్‌లో పెడితే షిక్రా అంది, అదో రకం చిన్న డేగ. అదే రోజు ఇంకో ఫోటో పెడితే ఇంకేదో పేరు చెప్పింది.

అసలు మీరంతా ఎలా గుర్తుపడతారు? రంగులన్నీ బట్టీ పట్టాలా? యాప్‌ని నమ్మొచ్చా? బైనాక్యులర్ లేకుండా అవ్వదా? అన్నీ ఒకేసారి అడిగేస్తున్నా, ఏమనుకోకండి.

తీతువు:

మీ రెండో పిట్ట చదివి ఒక్కణ్ణే నవ్వుకున్నా, ఎందుకంటే దీని చేతిలో మోసపోని వాళ్ళు ఇక్కడ ఎవరూ ఉండరు. మీరు చూసింది రెండు పిట్టలు కాదండీ, ఒకటే. గుడ్డి కొంగ. కూర్చుంటే ఎండుగడ్డి రంగు, వీపు గోధుమ, మెడ మీద చారలు, బురదలో కలిసిపోతుంది. రెక్కలు, తోక మాత్రం తెల్లగా ఉంటాయి, ముడుచుకుని కూర్చున్నంతసేపూ ఆ తెలుపు వీపు ఈకల కింద దాక్కుని ఉంటుంది. ఎగిరిందంటే ఒక్కసారిగా తెల్ల కొంగ! మనం కాళ్ళ దగ్గరికి వచ్చేదాకా కదలదు, తన రంగు మీద దానికి అంత నమ్మకం. గూడు పెట్టే కాలంలో చూస్తే ఇంకో షాక్, వీపంతా ముదురు ఎరుపు కలిసిన గోధుమ రంగులోకి మారి, తల వెనక పొడుగు ఈకలు వస్తాయి, అప్పుడు ఇది కొత్త పిట్ట అని మళ్ళీ ఫోరంకి వస్తారు. నేను వచ్చాను కాబట్టి చెబుతున్నా.

రంగులు బట్టీ పట్టాలా అన్నారు. వద్దు. రంగు చివరికి చూడాల్సింది, మొదట చూడాల్సింది కాదు. ఎదురెండలో అన్ని పిట్టలూ నల్లగానే కనపడతాయి. పైగా కొన్ని రంగులు అసలు రంగులే కావు. లకుముకి పిట్ట వీపు మీద నీలం ఉంటుంది చూడండి, ఆ ఈకలో నీలం రంగు పదార్థం ఏమీ లేదు, ఈక లోపలి నిర్మాణం వల్ల వెలుగు చెదిరి మన కంటికి నీలంగా వస్తుంది, అంతే. తేనెపిట్ట మెరుపూ అలాంటిదే, కాస్త తల తిప్పిందంటే ఊదా కాస్తా బొగ్గు నలుపు.

ముందు సైజు చూడండి. సెంటీమీటర్లలో కాదు, మీకు బాగా తెలిసిన పిట్టతో పోల్చి. పిచ్చుకంతా, గోరింకంతా, పావురమంతా, కాకంతా? ఈ నాలుగూ కొలబద్దలు. తర్వాత ఆకారం, ముక్కు, తోక. ఆ తర్వాత ఏం చేస్తోంది. ముక్కు చూస్తే అది ఏం తింటుందో తెలుస్తుంది, ఏం తింటుందో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. పొట్టిగా లావుగా ఉంటే గింజలు ఒలిచేది, సన్నగా పొడుగ్గా వంగి ఉంటే పువ్వులోకి దూర్చేది, కొస కిందికి కొక్కెంలా తిరిగి ఉంటే మాంసం చీల్చేది.

కొంగల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా, ఎలాగూ రేపు అడుగుతారు. తెల్ల కొంగ కనపడగానే ముక్కు, కాళ్ళు చూడండి. ముక్కు నలుపు, కాళ్ళు నలుపు, పాదాలు మాత్రం పసుపు సాక్సులు వేసుకున్నట్టు ఉంటే చిన్న కొంగ, లిటిల్ ఈగ్రెట్. పొట్టి మెడ, పసుపు ముక్కు, పశువుల పక్కన నడుస్తుంటే క్యాటిల్ ఈగ్రెట్. బాగా పెద్దగా ఉండి, నోటి చీలిక కంటిని దాటి వెనక్కి పోయిందంటే గ్రేట్ ఈగ్రెట్. మధ్య సైజుది ఒకటుంది, దాన్ని మొదటి ఏడాది వదిలేయండి, నేనూ వదిలేశా.

రెక్కచాటు:

మొదటి పిట్ట నాకు వదిలేసినందుకు తీతువు గారికి థాంక్స్, తేనెపిట్టలంటే నాకు ప్రాణం.

ఆ గీత ఉన్నది మగ పర్పుల్ సన్‌బర్డ్. పుస్తకం మిమ్మల్ని మోసం చేయలేదు కానీ పూర్తి కథ చెప్పలేదు. చాలా పుస్తకాల్లో ఒక మగ, ఒక ఆడ బొమ్మ వేసి ఊరుకుంటారు. మగ పిట్ట ఆ నల్లని మెరుపు కోటు ఏడాదంతా వేసుకోదు, గూడు కాలం అయిపోయాక విప్పేస్తుంది. ఆ ఈకలు రాలి, ఆడపిట్ట లాంటి మట్టి రంగు, పసుపు వస్తాయి, గొంతు నుంచి కిందికి ఆ నల్ల గీత ఒక్కటే మిగులుతుంది. దీన్ని ఎక్లిప్స్ ప్లూమేజ్ అంటారు, గ్రహణం అన్నమాట. మళ్ళీ కాలం వచ్చేసరికి ఆ గీత పక్కల నుంచి నల్ల మచ్చలు ఒక్కొక్కటిగా పెరుగుతాయి, అప్పుడు చూడాలి దాని అవతారం, ఇంకు ఒలకబోసుకున్న స్కూలు పిల్లాడిలా ఉంటుంది. పొద మీదా, సమయం మీదా ఓ కన్నేసి ఉంచితే మీ కళ్ళ ముందే రంగు మారడం చూస్తారు. ఒకే పిట్టని నెలల తరబడి చూడటంలో ఉన్న మజా కొత్త పిట్టని చూడటంలో లేదని నా ఫీలింగు, ఇక్కడ చాలామంది ఒప్పుకోరు.

ఇంకో రెండు తేనెపిట్టలతో తికమక పడే ఛాన్స్ ఉంది కాబట్టి చెబుతున్నా. పర్పుల్ రంప్డ్ అని ఒకటి, దాని మగది ఏ దూరం నుంచైనా పొట్ట పసుపు, వీపు ముదురు ఎరుపు. ఆడదానికి గొంతు తెలుపు, రొమ్ము పసుపు. మీ పర్పుల్ ఆడపిట్టకి గొంతు కూడా పసుపే, తెలుపు ఉండదు. రెండోది లోటెన్స్, దాని ముక్కు చూస్తే చాలు, మిగతా పిట్టకి సరిపడనంత పొడుగు, బాగా వంపు. మీ ఫోటోలో ముక్కు పొడుగు తల పొడుగుతో పోల్చి చూడండి, మరీ అతిగా అనిపించకపోతే పర్పులే.

మీ యాప్ ఎందుకు ఒక్కోసారి ఒక్కోటి చెప్పిందంటే అది కూడా ఈ బొమ్మల్లోనే వెతుకుతుంది కదా. పొట్ట కనిపించిన ఫోటోకి ఒక జవాబు, వీపు మాత్రమే కనిపించిన ఫోటోకి ఇంకో జవాబు.

మసకఫోటో:

మూడో పిట్ట గురించి ఎవరూ మాట్లాడట్లేదు అంటే నేనే పరువు తీసుకోవాలి అన్నమాట.

నేను పిట్టలు చూడటం మొదలుపెట్టిన మొదటి ఏడాది సరిగ్గా మీలాగే ఒకదాన్ని చూశా. బూడిద వీపు, చారల తోక, డేగ ఎగురుడు, చుట్టూ పిట్టల గోల. షిక్రా అని ఫిక్స్ అయ్యా. ఫోటో పెట్టి, కింద రెండు పేరాలు వేట గురించి రాసి, అది ఇప్పుడే ఉడతని ఎత్తుకుపోబోతోంది అన్నంత వర్ణించి గ్రూపులో పోస్ట్ చేశా. ఒక పెద్దాయన ఒకటే మాట అడిగారు, "బాబూ, ముక్కు చూశావా?" అని. జూమ్ చేసి చూస్తే ముక్కు కొక్కెంలా లేదు. తిన్నగా, సన్నగా, ఏ గొంగళిపురుగునో ఏరుకుని తినే ముక్కు. కంటి చుట్టూ పసుపు రింగు. అది డేగ కాదు, కోయిల చుట్టం, కామన్ హాక్ కకూ. డేగ వేషం వేసుకున్న పురుగుల రాయుడు. నేను రాసిన ఉడత వేట పోస్ట్ ఇప్పటికీ ఎవరో ఒకరు తవ్వి బయటికి తీస్తుంటారు.

ఈ వేషం ఎంత బాగుంటుందంటే మనమే కాదు, పిట్టలూ ఉడతలూ కూడా దాన్ని చూసి గోల పెడతాయి. కాబట్టి "చిన్న పిట్టలు అరిచాయి కాబట్టి డేగే" అన్న లాజిక్ పనిచేయదు. అది కూడా కోయిల లాగే సొంత గూడు కట్టదు, గుంపుగా నేల మీద గెంతుతూ ఎప్పుడూ పోట్లాడుకుంటున్నట్టు ఉండే మట్టి రంగు బాబ్లర్ల గూట్లో గుడ్డు పెట్టి పోతుంది.

తేడా పట్టుకోవాలంటే అది వాలేటప్పుడు చూడండి. కకూ కొమ్మ మీదకి కింద నుంచి పైకి లేస్తూ వచ్చి వాలుతుంది, వాలగానే తోకని అటూ ఇటూ ఊపుతుంది. కూర్చునే తీరు కూడా డేగలా నిటారుగా కాదు, కాస్త పడుకున్నట్టు, రెక్కలు జారవేసినట్టు ఉంటుంది. కాళ్ళు కనపడే అదృష్టం ఉంటే కకూకి రెండు వేళ్ళు ముందుకి, రెండు వెనక్కి, చిలకలకీ వడ్రంగి పిట్టలకీ ఉన్నట్టు. డేగకి మూడు ముందు, ఒకటి వెనక. వేళ్ళు ఎవరు చూస్తారులే అంటారా, ఒకసారి పరువు పోయాక చూస్తారు.

గొంతు వింటే ఇక డౌటే ఉండదు. మూడు ముక్కల కూత, ఒక్కోసారీ అంతకు ముందు కన్నా పై స్థాయిలో, ఇంక గొంతు పగిలిపోతుందేమో అనుకునేదాకా పోయి టక్కున ఆగుతుంది. మళ్ళీ మొదలు. రాత్రిళ్ళు కూడా. ఇంగ్లీషులో దాన్ని బ్రెయిన్ ఫీవర్ పిట్ట అని ఊరికే అనలేదు.

మీరు చూసింది షిక్రా కూడా అయ్యుండొచ్చు, నేను కాదనట్లేదు. మీరు చెప్పినదాన్ని బట్టి రెండిట్లో ఏదైనా కావచ్చు.

నోటుబుక్కు:

పై వాళ్ళు చెప్పినవన్నీ కరెక్టే కానీ అసలు జబ్బు ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు. మీరు పిట్టని చూడగానే ఫోన్ తీస్తున్నారు. ఫోన్ తీసి, కెమెరా తెరిచి, జూమ్ చేసేలోపు అది ఎగిరిపోతుంది, ఆ పది సెకన్లూ మీరు పిట్టని కాదు, స్క్రీన్‌ని చూశారు. ఆ పది సెకన్లలోనే అది తోక ఊపింది, ముక్కు చూపించింది, కూసింది.

నేను చేసేది చెబుతా, పాటించడం మీ ఇష్టం. జేబులో పట్టే చిన్న నోటుబుక్కు, ఒక పెన్సిలు. పిట్ట కనపడితే అది వెళ్ళిపోయేదాకా చూడటమే పని. మనసులో చదువుకుంటూ చూస్తా, "గోరింకంత, తోక పొడుగు, కన్ను మీద తెల్ల గీత, కొమ్మ చివర కూర్చుంది, ఎగిరి పురుగు పట్టి మళ్ళీ అదే కొమ్మకి వచ్చింది" ఇలా. వెళ్ళాక రాస్తా. బొమ్మ కూడా వేస్తా, బొమ్మ అంటే పెద్ద ఆర్ట్ కాదు, రెండు కోడిగుడ్లు, పెద్దది ఒళ్ళు, చిన్నది తల, దానికో ముక్కు, తోక. నల్లగా ఉన్న చోట గీకి, బాణం గుర్తు వేసి రంగు పేరు రాయడం. ఇదంతా అయ్యాకే పుస్తకం తెరవాలి. ముందే పుస్తకం తెరిస్తే బొమ్మలో ఉన్నవన్నీ మనం చూసినట్టే అనిపిస్తాయి. కళ్ళు మనకి అబద్ధం చెబుతాయండీ, ముఖ్యంగా అరుదైన పిట్ట అయితే బాగుండు అని ఆశపడినప్పుడు.

చూడనివి కూడా రాయండి. "కాళ్ళు చూడలేదు" అని రాయండి. మర్నాడు ఏం చూడాలో తెలుస్తుంది.

తొలికూత:

నోటుబుక్కు గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నా, ఫోటో వద్దనడం నేను ఒప్పుకోను. మసక ఫోటో ఉంది కాబట్టే పైన మసకఫోటో గారి షిక్రా కకూ అయింది. లేకపోతే ఆయన బుక్కులో ఇప్పటికీ ఉడతని ఎత్తుకుపోతున్న షిక్రాయే ఉండేది. చూస్తూ చూస్తూ రెండు క్లిక్కులు కొట్టుకోండి, అంతే, ఫోటో అందంగా రానక్కర్లేదు, సాక్ష్యం ఉంటే చాలు.

యాప్‌ని నమ్మొచ్చా అంటే, నమ్మకండి కానీ వదిలేయకండి. అది చెప్పిన పేరుని జవాబు అనుకోకుండా ఒక అనుమానం అనుకోండి. ఆ పేరు తీసుకుని నాలుగు ప్రశ్నలు వేయండి. ఈ పిట్ట ఇక్కడ ఉంటుందా, ఈ నెలలో ఉంటుందా, ఇలాంటి చోట తిరుగుతుందా, ఇదే పోలికతో ఇంకోటి ఉందా? మొదటి రెండిటికీ ఈబర్డ్ అనే వెబ్‌సైట్ పనికొస్తుంది. 2002లో కార్నెల్ ల్యాబ్, ఆడుబాన్ సొసైటీ అని పక్షుల మీద పనిచేసే రెండు అమెరికా సంస్థలు కలిసి మొదలుపెట్టాయి దాన్ని, మనలాంటి వాళ్ళు ప్రపంచమంతటా ఎక్కించిన లిస్టులే అందులో డేటా. మీ ప్రాంతం ఎంచుకుంటే ఏ పిట్ట ఏ నెలలో ఎంత తరచుగా కనపడిందో బార్లు గీసి చూపిస్తుంది. వలస పిట్టలకి ఇది చాలా ముఖ్యం, చలికాలంలో మాత్రమే వచ్చే పిట్ట పేరు నడి ఎండాకాలంలో యాప్ చెప్పిందంటే దానికి మీరు చెప్పాల్సింది "ఇంకోసారి ఆలోచించు" అని.

కూత వినిపించి పేరు చెప్పే యాప్‌లతో ఇంకాస్త జాగ్రత్త. ఏట్రింత, అదే పసుల పోలిగాడు, అదేనండీ నల్లగా ఉండి తోక చేప తోకలా చీలి ఉండే డ్రాంగో, దానికి వేరే పిట్టల గొంతులు పెట్టడం సరదా. షిక్రా గొంతు కూడా పెడుతుంది, తినేదాన్ని వదిలేసి గోరింకలు పారిపోతే అది లాగించేస్తుంది. యాప్ షిక్రా అని రాస్తుంది, మీరు ఆకాశంలో వెతుకుతుంటారు, దొంగ మాత్రం కరెంటు తీగ మీద కూర్చుని ఉంటుంది.

చూశారా, డ్రాంగోకే మూడు పేర్లు చెప్పా. తెలుగు పేర్లతో ఉన్న అందం, చిక్కు రెండూ ఇవే. ఒకే పిట్టకి చోటుని బట్టి పేరు మారుతుంది, ఒకే పేరుతో రెండు మూడు పిట్టల్ని పిలుస్తారు. తేనెపిట్ట అంటే మూడు జాతులు రావడం పైనే చూశాం. అందుకని మీ నోట్సులో తెలుగు పేరు పక్కన శాస్త్రీయ నామం కూడా రాసుకోండి, పర్పుల్ సన్‌బర్డ్‌కి సిన్నిరిస్ ఏషియాటికస్, గుడ్డి కొంగకి ఆర్డియోలా గ్రేయీ, ఇలా. మొదట్లో బెదురుగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. కానీ తెలుగు పేరు మాత్రం వదలకండి ప్లీజ్. పాలపిట్టని రోలర్ అని పిలవాలంటే నాకు నోరు రాదు.

రెక్కచాటు:

బైనాక్యులర్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి త్వరగా. అది లేకుండా కూడా మొదలుపెట్టొచ్చు, మొదటి ముప్పై పిట్టలకి కళ్ళు చాలు. కొనాలనుకుంటే 8x42 అని రాసి ఉన్నది చూడండి. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 42ని 8తో భాగిస్తే సుమారు 5, అంటే మీ కంటికి వచ్చే వెలుగు వృత్తం 5 మిల్లీమీటర్ల పైన ఉంటుంది, తెల్లవారుజామున మసక వెలుగులో అది చాలా హాయి. నేను ఎక్కువ రెట్లు ఉంటే ఎక్కువ పిట్టలు అనుకుని మొదట 20 రెట్లది కొన్నా. చెయ్యి కాస్త వణికినా లోపల భూకంపమే, పిట్టని వెతికి పట్టుకునేలోపు అది ఎగిరిపోయేది. ఇప్పుడది అటక మీద ఉంది.

వాడేటప్పుడు ఒక చిట్కా, పిట్ట మీద నుంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ని కళ్ళ దగ్గరికి తెచ్చుకోవాలి. కిందికి చూసి, దాన్ని సర్దుకుని, మళ్ళీ పైకి చూస్తే ఆకులు తప్ప ఏమీ కనపడవు. కళ్ళజోడు ఉంటే కంటి దగ్గర రబ్బరు కప్పుల్ని లోపలికి తిప్పేయండి. కుడి కంటికి విడిగా తిప్పే రింగు ఒకటి ఉంటుంది, దాన్ని ఒకసారి మీ కంటికి సెట్ చేసుకుంటే చాలు, చాలామంది ఏళ్ళ తరబడి దాన్ని ముట్టుకోరు, బొమ్మ మసగ్గా ఉందని తిట్టుకుంటారు.

తీతువు:

తొలికూత గారు కూత యాప్‌ల గురించి చెప్పారు కాబట్టి ఒక మాట. కొందరు పిట్టని బయటికి రప్పించడానికి ఫోన్‌లో దాని కూతే గట్టిగా వినిపిస్తారు. చేయకండి. అది పాట అనుకుని రాదు, తన జాగాలోకి ఇంకో మగది చొరబడింది అనుకుని కొట్లాటకి వస్తుంది, గూడు వదిలేసి మరీ. గూడు కనపడితే ఫోటో కోసం కొమ్మలు పక్కకి జరపడం కూడా అంతే, ఆ కొమ్మ అడ్డం ఉంది కాబట్టే కాకి కంట పడలేదు.

కొత్తగా_చూస్తున్నా:

ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. మూడు వారాలు ఆగి రాస్తున్నా, ఎందుకంటే ఈసారి చూసి రాద్దామనుకున్నా.

గుడ్డి కొంగ ఇప్పుడు నా ఫ్రెండ్. దాని పక్కనే కూర్చుని ఇరవై నిమిషాలు చూశా, అడుగు తీసి అడుగు వేయడానికి దానికి రెండు నిమిషాలు పట్టింది. ఎగిరినప్పుడు రెక్క తెరిచిన క్షణం చూశా, గోధుమ రంగు గొడుగు లోపల తెల్ల గుడ్డ వేసినట్టు ఉంది. పసుపు సాక్సుల కొంగని కూడా పట్టుకున్నా, నీళ్ళలో కాలితో బురద కదిలిస్తోంది, చేపలు బయటికి రావడానికి అనుకుంటా.

తేనెపిట్ట పర్పులే. ముక్కు అతిగా లేదు. గీతకి ఎడమ పక్కన రొమ్ము మీద నల్ల మచ్చ ఒకటి కొత్తగా వచ్చింది, పోయిన వారం లేదు. నోట్సులో రాశా.

మూడోది. ఇది మాత్రం నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు రాస్తా: "పొద్దున్న 6.40. పావురమంత. కింద నుంచి లేచి కొమ్మ మీద వాలింది. వాలాక తోక అటూ ఇటూ రెండుసార్లు. నిటారుగా లేదు. ముక్కు తిన్నగా ఉన్నట్టు అనిపించింది, ఖాయంగా చెప్పలేను. కంటి రింగు చూడలేదు. కాళ్ళు చూడలేదు." అదే రోజు రాత్రి పదకొండున్నరకి కిటికీలోంచి మూడు ముక్కల కూత, పైకి పైకి పోయి ఆగిపోయింది. లేచి కూర్చున్నా. ఇంట్లో వాళ్ళు ఏమైందన్నారు, కకూ అన్నా, పడుకోమన్నారు.

మసకఫోటో:

ఉడత వేట పోస్ట్ రాయకుండా ఆపినందుకు నాకు క్రెడిట్ ఇవ్వాలి. తోక ఊపడం, లేస్తూ వాలడం, కూర్చున్న తీరు, నా లెక్కలో అది కకూనే. రాత్రి కూసింది ఖాయంగా అదే జాతి, కానీ పొద్దున్న మీరు చూసినదీ అదీ ఒకటే అని నోట్సులో కలిపేయకండి, రెండూ వేరు వేరుగా రాసుకోండి.

కొత్తగా_చూస్తున్నా:

వేరుగానే రాశా. ఇంకోటి ఉంది, చెప్పనా? నిన్న ఖాళీ స్థలంలో నేల మీద ఒకటి కనపడింది. పిచ్చుకంత, కాస్త సన్నం. మొత్తం మట్టి రంగు, రొమ్ము మీద సన్న చారలు. ఇంతే. పుస్తకంలో ఇలాంటివే రెండు పేజీల నిండా ఉన్నాయి, అన్నీ ఒకేలా ఉన్నాయి.

తీతువు:

ఆ రెండు పేజీలు అందరినీ ఏడిపిస్తాయి. ఒక్కటి చెప్పండి, అది నేల మీద పిచ్చుకలా గెంతిందా, గోరింకలా అడుగులో అడుగు వేసి నడిచిందా? నడిస్తే, నడిచేటప్పుడు తోక పైకీ కిందికీ ఊపిందా?

కొత్తగా_చూస్తున్నా:

చూడలేదండీ. చారలు లెక్కపెడుతూ ఉండిపోయా. రేపు మళ్ళీ వెళ్తా.